కత్తిరించని ఫొటో

కెమెరా గదిలో సుతెజా అడుగుపెట్టగానే అన్నెకెకు అర్థమైపోయింది, ఈ మనిషికి లెన్సులు ఎక్కువ, చూపు తక్కువ అని.

నాలుగు పెట్టెలు. మోయడానికి ఇద్దరు మనుషులు. బల్ల మీద మిగతా అతిథులు సర్దుకున్న సామాన్లను మోచేత్తో పక్కకు నెట్టేసి, తన లెన్సుల్ని పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు వరసగా నిలబెట్టాడు. జకార్తాలో ఆయన ఫొటోలు బ్యాంకుల గోడల మీద వేలాడుతుంటాయట. బ్యాంకుకు వెళ్లినవాడు గోడ వైపు ఎందుకు చూస్తాడో అన్నెకెకు ఎప్పుడూ అర్థం కాలేదు.

లెంబె జలసంధి ఒడ్డున ఈ రిసార్టులో కెమెరా గది ఆమె రాజ్యం. ఎవరు ఏ లెన్సుతో నీళ్లలోకి దిగాలో చెప్పేది ఆమే. కెమెరాను నీళ్లు చొరని పెట్టెలో పెట్టి, రబ్బరు చుట్టు బిగించి మూసేది కూడా ఆమే. ఒకసారి మూశాక అంతే. నీళ్లలో మనసు మారినా లెన్సు మారదు. బితుంగ్ ఊళ్లో అంత గట్టి పెళ్లిళ్లు కూడా తక్కువే.

"దేనికి వెళ్తున్నారు?" అని అడిగింది.

"విసనకర్ర దగ్గరికి. నాకు మరుగుజ్జు గుర్రం కావాలి. ఈసారి ఫొటోల పోటీలో మొదటి బహుమతి దానిదే."

"దానిదా, మీదా?"

గుమ్మంలో నిలబడ్డ నోల్డీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అతను అన్నెకె తమ్ముడు. సుతెజాను నీటి అడుగుకు తీసుకెళ్లాల్సిన గైడు.

"విసనకర్రకైతే నూట అయిదు లెన్సు ఒక్కటే," అంది అన్నెకె. "అరవై వద్దు. దాంతో తీయాలంటే ముక్కు తీసుకెళ్లి కొమ్మల్లో పెట్టాలి. ముందు తగిలించే అద్దం అసలే వద్దు. అది మా గైడ్ల సంఘం రూలు."

రూలు ఊరికే పుట్టలేదు. మనిషెత్తు ఎర్ర పగడం అది, విసనకర్ర విప్పినట్టు ఉంటుంది. అంత ఎదగడానికి ఒక తరం పట్టింది. దాని కొమ్మల్ని పట్టుకుని చిటికెన వేలి గోరంత సముద్రపు గుర్రాలు బతుకుతాయి. నూట అయిదు లెన్సుతో జానెడు ఎడంగా ఉండి వాటిని తీయొచ్చు. దాని ముందు భూతద్దం లాంటి ఆ అద్దం తగిలిస్తే మాత్రం రెండు వేళ్ల దూరానికి వెళ్తే తప్ప ఏమీ కనపడదు. అంత దగ్గరికి వెళ్లినవాడి కెమెరా, దీపాలు, మోచేతులు, పొట్ట ఎక్కడికి పోతాయి? కొమ్మల్లోకే పోతాయి.

"వట్టి నూట అయిదుతో ఏమొస్తుందమ్మా?" అన్నాడు సుతెజా, ఆ 'అమ్మా'లో బోలెడు జాలి కలిపి.

"గోరంత గుర్రం గోరంతే వస్తుంది."

"గోరంతది కొండంత కనపడాలి. అదీ ఫొటో అంటే."

"కొండే కావాలంటే మా వెనకాల రెండున్నాయి. ఎక్కి తీసుకోండి. పడవ ఖర్చు కూడా ఉండదు."

సుతెజా ముఖం గంటు పెట్టుకున్నాడు. అన్నెకె నూట అయిదు లెన్సు బిగించి, పెట్టె మూసి, రబ్బరు చుట్టు మీద వేలు తిప్పి చూసి అప్పగించింది.

ఒక్క సంగతి ఆమె చేతిలో లేదు. ఆ అద్దం పెట్టె బయట తగిలించేది. కెమెరాకు దాని ఊసే తెలియదు. జేబులో హాయిగా పడుతుంది.

మధ్యాహ్నం పడవ తిరిగొచ్చింది. రేవు చెక్కల మీద కాలు పెట్టకముందే సుతెజా కేకలు మొదలెట్టాడు.

"మీ గైడు విసనకర్ర విరగ్గొట్టాడు! కాలికున్న ఈత రెక్కతో తన్నాడు! నా కళ్లారా చూశాను!"

నోల్డీ వెనకాల దిగాడు. ముఖంలో నెత్తురు లేదు. చేతిలో మూరెడు ఎర్ర కొమ్మ.

"నువ్వేనా?" అంది అన్నెకె.

"కాదక్కా. నేను ఈయన వెనకున్నాను. ఈయన ముందుకు వంగాడు, అడుగున నల్ల ఇసుక లేచింది. అంతా నలుపే. ఇసుక దిగేసరికి కొమ్మ కింద పడుంది."

"విరగ్గొట్టింది ఈయనే అని నువ్వు చూశావా?"

"చూడలేదు."

చూడలేదట! అబద్ధమాడటం కూడా చేతకాని తమ్ముణ్ని ఇచ్చాడు దేవుడు. ఎదుటివాడు మాత్రం చూడనిది కూడా కళ్లారా చూసేశాడు.

సాయంత్రం భోజనాల హాల్లో రెండు పనులూ ఒకేచోట పెట్టుకున్నారు. పోటీ ఫొటోలు గోడ మీద తెర వేసి చూపించడం ఒకటి, సంఘం తీర్పు ఒకటి. సంఘం పెద్ద యొప్పీ బాబాయి కాగితం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నోల్డీ గైడు కార్డు శాశ్వతంగా రద్దు. కింద రెవెన్యూ స్టాంపు కూడా అంటించాడు, సంతకమే తరువాయి. ఈ జలసంధిలో కార్డు పోయిన గైడుకు మిగిలేది చేపల డబ్బాల ఫ్యాక్టరీ. అక్కడ చేపల్ని తలలు తీసేశాకే చూడనిస్తారు.

"నేను మూరెడు దూరంలో ఉన్నాను," అని సుతెజా వాంగ్మూలం ఇచ్చాడు. "వట్టి నూట అయిదు లెన్సు. కంప్యూటర్లో ఫొటో వివరాలు చూడండి, లెన్సు పేరు దాంట్లోనే రాసుంటుంది."

రాసే ఉంది. యొప్పీ బాబాయి తల ఊపాడు.

"ఏం చేయనే అన్నెకె? నీ తమ్ముడంటే నాకు మాత్రం ప్రేమ లేదా? అక్కడున్నది ఇద్దరు. ఈయనేమో దూరంగా ఉన్నాడాయె."

అప్పుడు తెర మీద సుతెజా ఫొటో పడింది. హాలంతా 'అబ్బా' అంది.

గులాబి రంగు సముద్రపు గుర్రం. తెర పైఅంచుకు తల, కిందిఅంచుకు తోక మెలిక. ఒంటి మీద ప్రతి బొడిపె విడివిడిగా లెక్కపెట్టుకునేలా ఉంది. కంట్లో రెండు దీపాల మెరుపు. ఫొటోగ్రాఫర్లు కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. విరిగిన కొమ్మ అదే హాల్లో, యొప్పీ బాబాయి కాగితం పక్కనే పడుంది. దాని వైపు ఒక్కరూ చూడలేదు.

అన్నెకె తెరను చూసింది. తర్వాత తన చిటికెన వేలి గోరును చూసుకుంది. నోట్లో ఉన్న అరటికాయ వేపుడు నిదానంగా నమిలి మింగింది. మిరపకాయల కారం బాగా తగిలింది.

"ఫొటో బ్రహ్మాండంగా ఉంది సార్," అంది గట్టిగా. "బాగా కత్తిరించారు."

హాల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆ పోటీలో అంచులు కత్తిరించి మధ్య ముక్కను పెద్దది చేసిన ఫొటోకు చోటు లేదు. అలా చేశావని ఫొటోగ్రాఫర్ని అందరి ముందూ అనడమంటే వాళ్లమ్మను తిట్టినట్టే.

"కత్తిరించానా?" సుతెజా ఎగిరిపడ్డాడు. "నేనా? నా జన్మలో ఒక్క ఫొటో కత్తిరించలేదు!"

"గోరంతది ఇంత ఎలా అయింది మరి? చివరలు కోసేసి ఉంటారు. తప్పేముంది, చేతకానప్పుడు అందరూ చేసేదే."

"చేతకాకా! ఇదిగో, అసలు ఫైలు! ఇలా రండి, అందరూ చూడండి!" అంటూ కంప్యూటర్ తనవైపు లాక్కుని, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు తెర మీద వేశాడు. పక్క కుర్చీల వాళ్లు వంగి చూశారు. నిజమే. అంచు కూడా కోయలేదు.

"ఒట్టు?" అంది అన్నెకె.

"ఒట్టు!"

"విన్నావుగా బాబాయ్?" ఆమె నడిచి వెళ్లి, తీర్పు కాగితం మీద అంటించిన రెవెన్యూ స్టాంపు పైన తన చిటికెన వేలు ఆనించింది. "కెమెరా లోపల బొమ్మ పడే పలక ఉంటుంది కదా, అది ఈ స్టాంపు అంత. వట్టి నూట అయిదు లెన్సుతో ఎంత దగ్గరికి వెళ్లినా, వస్తువు ఎంతుందో పలక మీద అంతే పడుతుంది. అంతకు మించి పడదు. గుర్రం నా గోరంత. చూడు, స్టాంపు మీద గోరు పెడితే చుట్టూ ఎంత ఖాళీ ఉందో."

యొప్పీ బాబాయి కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. తెర వైపు చూశాడు. అక్కడ గుర్రం చుట్టూ ఖాళీయే లేదు.

"అదీ జానెడు దూరం నుంచి తీస్తే సంగతి," అంది అన్నెకె. "ఈ సారు మూరెడు దూరంలో ఉన్నారట. అప్పుడైతే గుర్రం ఇంకా చిన్నదైపోయి దోమంత పడాలి. కాబట్టి సార్, రెండింట్లో ఒకటి. ఫొటో కత్తిరించారు, కాదంటే అద్దం తగిలించి రెండు వేళ్ల దూరానికి దూరిపోయారు. ఏదో మీరే చెప్పండి."

సుతెజా కంప్యూటర్ మీంచి చెయ్యి తీశాడు.

కత్తిరించానంటే విసనకర్ర పాపం అంటదు. బహుమతి పోతుంది, మాట పోతుంది, అంతే. ఇంటికి వెళ్లిపోవచ్చు. అన్నెకె అతని కళ్లనే చూస్తోంది. ఆ కళ్లు నోల్డీ వైపు వెళ్లలేదు. విరిగిన కొమ్మ వైపు వెళ్లలేదు. నేరుగా వెళ్లి తోటి ఫొటోగ్రాఫర్ల ముఖాల మీద వాలాయి.

"నేను ఫొటోలు కత్తిరించను," అన్నాడు చివరికి, ఛాతీ ముందుకు పెట్టి. "అద్దం వాడాను. ఒక కొమ్మ విరిగిందయ్యా! సముద్రంలో కొమ్మలకు కరువా?"

నోల్డీ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. యొప్పీ బాబాయి కలం మూత తీశాడు. నోల్డీ పేరు కొట్టేసి దాని మీద సుతెజా పేరు రాసి, ఈ మనిషిని జలసంధిలో ఏ గైడూ నీళ్లలోకి దించకూడదని చేర్చి, సంతకం పెట్టాడు.

"స్టాంపు దండగ కాలేదు," అన్నాడు తృప్తిగా.

పోటీవాళ్లు ఆ ఫొటోను తీసేశారు. ఇక్కడితో సుతెజా తలదించుకుని పోతాడని అన్నెకె అనుకుంది. ఇన్నేళ్లు ఈ ఫొటోగ్రాఫర్ల జాతి మధ్య బతికి కూడా అలా అనుకోవడం ఆమె తెలివితక్కువే. తలదించుకోవడం అటుంచి, అతని చుట్టూ గుంపు చేరింది.

"అద్దం ఏ కంపెనీది సార్?"

"పవర్ ఎంత?"

"రెండు కలిపి తగిలిస్తే ఇంకా పెద్దగా వస్తుందా?"

సుతెజా జేబులోంచి అద్దం తీసి చేతులు మారనిస్తూ పాఠం చెబుతున్నాడు. బహుమతి వచ్చినా అంత వెలిగిపోయేవాడు కాదు.

మర్నాడు పొద్దున సురబాయా నుంచి వచ్చిన పళ్ల డాక్టరమ్మ వులాన్ కెమెరా గదికి వచ్చింది. రాత్రి గుంపులో అందరికన్నా ముందు నిలబడ్డ మనిషి ఆవిడే. మెడలో కార్డు వేసుకుని నోల్డీ గుమ్మంలో ఉన్నాడు.

"మేడమ్, అలాంటి అద్దం మీ దగ్గర అద్దెకు దొరుకుతుందా?" అని గొంతు తగ్గించి అడిగింది వులాన్. "నేను జాగ్రత్తగానే ఉంటాను."

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"విసనకర్ర దగ్గరికే. మిగిలిన కొమ్మల మీద ఇంకా గుర్రాలున్నాయటగా?"

అన్నెకె ఆవిడ కెమెరా అందుకుంది. నూట అయిదు లెన్సు బిగించింది. లెన్సు మీది నల్ల మూత ఊడదీయకుండా అలాగే ఉంచి, పెట్టెలో పెట్టి, రబ్బరు చుట్టు బిగించి, తాళం టక్కున వేసింది.

"మేడమ్... మూత!" అంది వులాన్ కంగారుగా. "మూత తీయలేదు!"

"పెట్టె మూశాక నీళ్లలో ఏదీ ఊడదు," అంటూ పెట్టెను ఆవిడ చేతుల్లో పెట్టింది అన్నెకె. "వెళ్లి రండి. మా తమ్ముడు చూపిస్తాడు, కళ్లతో చూడండి."