‘మే’ అన్న ఒక్క మాట

2019 ఆగస్టు పద్నాలుగు. ఆ రోజు శౌరయ్య గారి క్యారేజీలో గోంగూర రొయ్యలు, పెరుగన్నం. తిన్నది మాత్రం మూడున్నరకి, చల్లారిపోయాక. అప్పటిదాకా ఆయన గన్నవరం ఆఫీసులో కూర్చుని, హార్డ్ డిస్కులకు ప్రమాణాలు రాసే కమిటీతో ఫోన్లో వాదిస్తూనే ఉన్నారు.

వాదమంతా ఒక్క మాట గురించి. డిస్కులో ఒక చోటు చెడిపోయి చదవడానికి రాకపోతే, అది ఎంతసేపు ప్రయత్నించాలి? కంప్యూటరు గడువు పెడితే ఆ గడువులో ఆపి, రావడం లేదని చెప్పి తీరాలని ఒక పక్షం. ‘షల్’ అని రాయమన్నారు వాళ్ళు, అంటే తప్పనిసరి. శౌరయ్య గారు ‘మే’ చాలన్నారు, అంటే ఇష్టమైతే పాటించవచ్చు. డిస్కు సంగతి డిస్కుకే తెలుసు, మధ్యలో ఆపమనడానికి మనమెవరమన్నది ఆయన వాదన. ఆఫీసులో ఎదురు చెప్పింది ఆయన కింద పనిచేసే సైదావలి ఒక్కడే. ఒక చోటు పోయిందని చెబితేనే గదా సార్ మిగిలింది దక్కించుకునేది, అన్నాడు. చివరికి ‘మే’ నిలిచింది.

ఆరేళ్ళు గడిచాయి. సైదావలి ఉద్యోగం మాని, భవానీపురంలో పాడైన డిస్కుల నుంచి ఫైళ్ళు తీసిచ్చే షాపు పెట్టుకున్నాడు. రిటైరైన శౌరయ్య గారు ఇవాళ పొద్దున్నుంచీ ఆ షాపులోనే కూర్చుని, తన డిస్కు చప్పుడు వింటున్నారు. కిర్రుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ కిర్రుమంటుంది.

అందులో ఆయన భార్య అమలమ్మ గొంతు ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళు. ఆయన పాత ఫోనులో వాటంతటవే రికార్డయితే ఈ డిస్కులోకి ఎక్కించి దాచుకున్న ఆవిడ కాల్స్ నాలుగు వందల పైచిలుకు. ఇంకెక్కడా లేవు. పోయిన వారం వాటిని కొత్త డిస్కులోకి ఎక్కిద్దామని పెడితే పని సాగలేదు. ఎర్రర్ రాలేదు గదా, ప్రయత్నిస్తోందిలే అని రెండు రోజులు అలాగే వదిలేశారు, ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే పని చేసిన మనిషి. ఆ రెండు రోజులూ డిస్కు చెడిన చోటునే గీకుతూ ఉండిపోయింది.

సైదావలి ఏడు సెకన్ల గడువు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

“తీసుకోవట్లేదు సార్,” అన్నాడు తెర వైపే చూస్తూ.

“ఎందుకు తీసుకుంటుంది? అక్కర్లేదని రాయించింది నేనేగా.”

సైదావలి టీ గ్లాసు ఆయన చేతికందేలా జరిపాడు.

ఇక మిగిలింది మొరటు పద్ధతి. డిస్కు పట్టేసినప్పుడల్లా కరెంటు తీసి, మళ్ళీ ఇచ్చి, ఆ చోటు దాటించి చదివించాలి. తీసిన ప్రతిసారీ అది తిరిగి లేస్తుందన్న నమ్మకం లేదు. ఐదున్నరకి ఒక ఫైలు బయటికొచ్చింది. పేరులో తేదీ ఉంది. పద్నాలుగు, ఎనిమిది, పంతొమ్మిది.

సైదావలి వినిపించాడు. ముందు కుక్కరు కూత.

“తిన్నారా?”

“మీటింగులో ఉన్నాను. పెట్టెయ్.”

“సరేనండి. రొయ్యలు చల్లారితే...”

అక్కడ ఆయనే కట్ చేశారు.

శౌరయ్య గారు మరోసారి వినిపించమని అడగలేదు. డిస్కు చప్పుడు మారింది. రేకు మీద మేకు లాగినట్టుంది.

“ఇంకోసారి చూడమంటారా, ఆపమంటారా సార్?”

ఆస్పత్రిలో డాక్టరమ్మ కూడా ఇంత మెల్లగానే అడిగింది. ఆపొద్దన్నారాయన. గొట్టాలు పీక్కోకుండా చేతులు మంచానికి కట్టించుకుని, అమలమ్మ ఇంకో తొమ్మిది రోజులు ఉంది.

“ఆపెయ్ సైదా.”

డిస్కుకి కరెంటు తీశాడు. ఫ్యాను తిరుగుతున్న సంగతి అప్పుడు తెలిసింది.

దక్కిన ఆ ఒక్క ఫైలునూ సైదావలి అడక్కుండానే రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాడు. డిస్కును మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆయన మెట్టు దిగేటప్పుడు మోచేయి పట్టుకున్నాడు.

ఆ షాపు షట్టరు ఎప్పుడూ ధడాలున పడుతుంది. ఈ పూట సైదావలి దాన్ని రెండు చేతులా ఆపుకుంటూ, చప్పుడు కాకుండా నేలదాకా దించాడు.