నడిచొచ్చిన వంటిల్లు

పాదిరి బంగ్లాను చూడడానికి వచ్చేవాళ్లంటే రాజ్యానికి మొదటినుంచీ చులకనే. గేటు దాటగానే తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, దూలాలకేసి చూస్తూ నడుస్తారు. మెట్టు తన్నుకుని ఎవరో ఒకరు పడబోతారు. ఆ పడబోవడం కోసం ఆమె కిటికీ దగ్గర కాచుకుని ఉంటుంది.

రాంగోపాల్‌పేట్‌లో ఈ బంగ్లాను ఇంగ్లీషు దొరలు తమ పాదిరి కోసం కట్టి రెండు వందల ఏళ్లు కావస్తోంది. దొరలు పోయాక చర్చి నడిపే తెలుగు అయ్యగార్ల చేతికొచ్చింది. ఇప్పటి అయ్యగారు సైలస్, రాజ్యం భర్త. వచ్చినవాడల్లా ఇంటికి ఏదో ఒకటి చేసిపోయాడు. ఒకడు గడ్డికప్పు తీసి పెంకు వేయించాడు. ఇంకొకడు, ఇల్లు కూడా చర్చిలా కనబడాలని, వరండాకు మొనదేలిన కమాన్లు పెట్టించాడు. పంకా లాగే తాడు కోసం గోడకు కొట్టిన కంతలోంచి తర్వాతివాళ్లు కరెంటు తీగ లాగారు. ఇప్పుడు అందులోంచే ఏసీ పైపు పోతోంది.

ఈ ఇంటిని మళ్లీ మొదట ఉన్నట్టు చేయాలని సంఘపెద్దలు తీర్మానించారు. సృజన అనే ఆర్కిటెక్టు నక్షా గీసుకొచ్చింది. అందులో రాజ్యం వంటగది లేదు. వెనక వరండాను మూసి చేసిన ఆ గదిని కూల్చేసి, పెరటి చివర పాడుబడ్డ వంటకొట్టాన్ని బాగుచేస్తారట. దొరలకు పోపు ఘాటు పడదు గనుక వంట అప్పట్లో అంత దూరాన ఉండేదట. సైలస్ ఆమేన్ అన్నంత తేలిగ్గా సరే అన్నాడు.

రాజ్యానికి పొయ్యి మీద ప్రేమేమీ లేదు. కానీ ఆ వంటగదికి హాల్లోకి తెరుచుకునే కిటికీ ఒకటుంది. ఎవరు ఏడ్చుకుంటూ వచ్చినా, ఎవరి మీద ఎవరు చాడీలు చెప్పినా, ఉల్లిపాయలు తరుగుతూ ఆమె వింటుంది. తర్వాత ఏం చేయాలో సైలస్‌కు చెబుతుంది. ఆయన ఆదివారం నాడు దాన్ని దేవుడు చెప్పినట్టు చెబుతాడు. పెరట్లోకి పంపితే ఆమె ఒట్టి వంటమనిషి. ఇది ఆమెకు తెలుసు. సైలస్‌కు తెలియదు. తెలియకపోవడమే ఆయన సుఖం.

తనిఖీకి వచ్చినవాళ్లు అయ్యగారింట్లో భోంచేసి వెళ్లడం ఆనవాయితీ. ఆ రోజు సృజనతో పాటు సంఘ కార్యదర్శి వెంకటరత్నం వచ్చాడు. రైల్వేలో రిటైరై ఏళ్లయినా, తను పచ్చజెండా ఊపితే తప్ప ఎవరూ కదలకూడదనుకునే మనిషి. పొద్దుటినుంచీ ముసురు. రాజ్యం గ్యాస్ సిలిండరును ముందే పెరటి కొట్టంలోకి దొర్లించింది.

హాల్లో బల్ల మీద మొదటి గిన్నె దిగగానే వెంకటరత్నం ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇదేంది అమ్మగారూ, గిట్ల తడిసిన్రు?"

"నక్షాల ఉన్నట్టే చేస్తున్న, రత్నంగారూ. వండేది అవతల, తినేది ఇవతల."

సృజన తలెత్తింది. "ఆ షెడ్‌లో వండారా మేడమ్?"

"షెడ్ గాదమ్మా. ఒరిజినల్ కిచెన్."

ఇబ్బందిలో పడినప్పుడల్లా చేసేటట్టే సైలస్ ప్రార్థన సాగదీశాడు. ఆలోగా బగారన్నం చల్లారింది. పప్పుచారులో చినుకులు పడి పలచబడింది. అప్పడాలు పెరడు దాటేసరికి తడిగుడ్డల్లా వాలాయి. వెంకటరత్నం ఒకటి ఎత్తాడు. అది ఆయన వేలి మీద వేలాడింది.

"కరకరలాడేది లేదా అమ్మగారూ?"

"ఎందుకుండది. తెస్తా."

తెచ్చింది. అదీ వేలాడింది. మళ్లీ వెళ్లింది. నడిచిన ప్రతిసారీ పాదాల కింద నేల మారేది. ముందు బురద, తర్వాత పగిలిన షాబాదు బండల వరస, వెనక గుమ్మం దగ్గర ఎర్రగచ్చు, లోపల తను వేయించుకున్న టైల్స్. గొడుగు కావాలనే పట్టుకోలేదు. ఎదుటివాళ్లను చిన్నబుచ్చడానికి తన ఒంటినే వాడుకోవడంలో ఒక ఆనందం ఉందని మధ్యలో గమనించింది. ఆ ఆనందాన్నీ చులకన చేసింది గానీ, నడక ఆపలేదు.

"దొరల కాలంల బట్లర్లుండె గదా," అన్నాడు వెంకటరత్నం.

"ఉండె. ఇప్పుడు బట్లర్ ఎవరో మీరే చెప్పున్రి."

సైలస్ కంచంలోకి చూశాడు. సృజన కల్పించుకుంది. "వానాకాలం కష్టమే మేడమ్. ఒక పని చేద్దాం. అక్కడిదాకా కప్పు వేసిన దారి పెడదాం. పాత స్టైల్‌లోనే ఉంటుంది."

రాజ్యం చేతిలో గిన్నె కింద పెట్టింది.

"పెట్టున్రి. మీకంటే ముందు ఒక దొరసాని పెట్టించింది. దాని బండలే నా కాళ్లకు తగుల్తున్నయ్. జల్లు పక్కకెళ్లి కొడ్తదని ఇంకొకామె గోడ లేపింది. గోడ లేసినంక గంత దూరం ఎందుకని ఇంకొకామె పొయ్యి వరండాలకు తెచ్చుకుంది. ఎండ కొడ్తదని ఆ తర్వాతామె వరండా మూసింది. నేనొచ్చి సింకు పెట్టుకున్న, అంతే. మీరు దాన్ని అవతల పారేస్తే మళ్ల ఇట్లనే నడుసుకుంట ఇక్కడికొస్తది. అది వచ్చేదాంక తడిసేదెవరు?"

అందులో సగం కల్పన. బండలు నిజం, గచ్చు నిజం. దొరసానిని ఆమె అప్పటికప్పుడు పుట్టించింది. పాత ఇంటి గురించి ధైర్యంగా ఏం చెప్పినా వీళ్లు నమ్ముతారని ఎన్నడో కనిపెట్టింది.

సృజన కళ్లు మెరిశాయి. "అంటే ఈ వంటగది కూడా చరిత్రే. దీన్ని ముట్టుకోకూడదు సార్."

నిన్నటిదాకా జిడ్డు, ఇవాళ చరిత్ర. రాజ్యానికి ఆ పిల్ల మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది.

"ఉండనీ మరి," అన్నాడు వెంకటరత్నం, జెండా తనే ఊపినట్టు. "కానీ చూసెటోళ్లు వచ్చినప్పుడు వాసన గిట్ల రావద్దు. ఆ కిటికీ ఇటుకలతోని మూయిద్దాం."

కిటికీ పోతే రాజ్యానికి మిగిలేది పొయ్యే. ఆ బెదురు మొహంలో కనబడనివ్వలేదు. తీరిగ్గా సృజనవైపు తిరిగింది. "ఏమమ్మా, ఆ కిటికీ ఎప్పటిది?"

సృజన లేచి వెళ్లి చెక్కను తడిమింది. "వరండా మూయకముందు ఇది ఇంటి వెనక కిటికీ సార్. ఫస్ట్ కట్టినప్పటిదే. ఇంట్లో మార్చకుండా మిగిలిందే తక్కువ. దీన్ని మూయకూడదు."

"ఇన్నరు గదా, రత్నంగారూ," అంది రాజ్యం. మెత్తబడిన అప్పడాల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది.

సింకు దగ్గర కొళాయి తిప్పలేదు. కిటికీ అవతల సృజన ఫొటోలు తీసుకోవడానికి వరండాలోకి వెళ్లిన చప్పుడైంది. ఒక కుర్చీ సైలస్ దగ్గరికి జరిగిన చప్పుడు కూడా వినబడింది. వెంకటరత్నం గొంతు తగ్గించాడు.

"తప్పుగ అనుకోకున్రి అయ్యగారూ. అమ్మగారికి జెర నోరెక్కువ."

సైలస్ జవాబు కోసం రాజ్యం కిటికీకి చెవి ఒగ్గింది.

"సరే, రత్నంగారూ," అన్నాడు సైలస్.

ఆమె కొళాయి తిప్పింది. ఈ ఆదివారం ప్రసంగం చాడీల మీద.