బురుజు కొసన వంటిల్లు

ఇటలీలోని మా శాన్ జిమిన్యానో ఊళ్లో ఇల్లంటే ఓ రాతి బురుజే. మగవాళ్లకు కుంకుమపువ్వు బేరం కాస్త కలిసొస్తే చాలు, దాని ఎత్తు పెంచాలని చేతులు దురద పెడతాయి. వంటింటి నిప్పు ఇల్లంతా అంటుకుంటుందన్న భయంతో, వంటిల్లు మాత్రం బురుజు కొసనే పెడతారు. తొంభై నాలుగు మెట్లు. నీళ్లూ కట్టెలూ మోసేది నేను. ఎత్తు తాలూకు గొప్పంతా మా ఆయన ఘీనోది.

ఎదురింటి బిందో తన బురుజు పెంచి మా ఎత్తుకు దగ్గరగా వచ్చాడట. అంతే, ఈయన ఇంకో అంతస్తుకు రాళ్లు దింపించాడు. సోమవారం మేస్త్రీలు వస్తారు. నా మోకాళ్లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి. ఆ అంతస్తు లేస్తే నేను మంచం పట్టడమే. పొయ్యి ముందు ఏడుపొచ్చింది.

"ఏడవకు లాపా, పులుసులో ఉప్పెక్కువవుతుంది," అంది బిందో భార్య తెస్సా, తన వంటింటి కిటికీలోంచి. మగవాళ్లకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మేము మాత్రం ఇరుకు సందు మీదుగా పొడుగు గరిటెతో ఉప్పూ శనగలూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. "నా మోకాళ్లూ అంతేనమ్మా. ఆదివారం మన మొగుళ్లకి ఈ పైనే వడ్డిద్దాం."

ఆదివారం నాడు కింది భోజనాల బల్ల ఖాళీగా ఉంచాను. "ఏవండీ, తిండి పైనుంది, రండి!" అని కేకేశాను.

ఘీనో రొప్పుతూ వచ్చి కిటికీ పక్కన కూలబడ్డాడు. ఎదుటి కిటికీలో బిందో, ముఖం కందిపోయి.

"ఒరేయ్ ఘీనో," అన్నాడు బిందో. "ఆగు... ఊపిరందనీ... తర్వాత తిడతా."

"తొందరేం లేదులే... మీవెన్ని మెట్లురా?"

"తొంభై."

"మావి తొంభై నాలుగు!" అని ఈయన రొమ్ము విరుచుకోబోయి దగ్గాడు.

"కొత్త అంతస్తుతో నూట పన్నెండు," అన్నాను పులుసు పోస్తూ. "ఇకనుంచి రెండు పూటలా భోజనం ఇక్కడే."

ఆయన మెట్లవైపు చూశాడు, నా మోకాళ్లవైపు చూశాడు. "రోజూ ఇవన్నీ ఎక్కుతున్నావా?" అన్నాడు. పదిహేడేళ్ల కాపురంలో ఆ మాట అడగడం అదే మొదలు. నాకు కోపమూ వచ్చింది, సంతోషమూ వేసింది.

సోమవారం అంతస్తు మాట మానేసి, ఆ రాళ్లతో నలభై ఏడో మెట్టు దగ్గర నాకోసం అరుగు కట్టించాడు. దానిమీద కూర్చుంటే కళ్లు చెమర్చాయి. అంతలో ఈయన కిటికీలోంచి వంగి అరిచాడు. "ఒరేయ్ బిందో! మా మెట్లకి అరుగుంది! మీకుందా?"

మర్నాడు పొద్దున్నే ఎదురింట్లో సుత్తి చప్పుడు మొదలైంది.

"లాపా! మాకు రెండు!" అంది తెస్సా, గరిటె ఊపుతూ.

ఆ కబురు ఘీనో చెవిన వేయడానికి వెంటనే బయల్దేరాను. మెట్లు దిగుతూ, మా రెండో అరుగూ మూడో అరుగూ ఎక్కడెక్కడ కట్టించాలో చూసుకున్నాను.