పచ్చి పొగాకు కాడలు

మోచేతి మీద ఏదో పాకినట్టుంటే తుమిరా చెయ్యి దులుపుకుని చూసింది, కోడిపేను. గబగబా గూడు దగ్గరికి వెళ్లి, గంపలో పొదుగుతున్న నల్లపెట్టను ఎత్తి చూసింది. రెక్కల కింద కోడిపేలు కదిలే దుమ్ములా ఉన్నాయి. ఆ కుట్టుడు భరించలేక పెట్ట ఏ క్షణాన్నైనా గంప వదిలి లేచిపోవచ్చు. లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి.

మామూలు పెట్టైతే ఆవిడ అంత బెంగపడేది కాదు. జావాలో ఆ సుంబింగ్ కొండ కింద నల్లకోడి లేని ఇల్లు ఏది గనక! కానీ నాలుకా అంగిలీ కూడా నల్లగా ఉండే ఈ రకం వాళ్లమ్మ పెంచి ఇచ్చింది. మొన్న వానాకాలం తెగులుకి గూడు గూడంతా ఊడ్చుకుపోగా ఇదొక్కటే మిగిలింది. అమ్మ కోళ్లు ఇక ఉన్నాయంటే ఈ గుడ్లలోనే ఉన్నాయి.

పేలకు మందు ఆ ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. గంప అడుగున పొగాకు కాడలు, వాటి మీద నలిపిన నిమ్మగడ్డి పరవాలి. కాడలు మాత్రం పాతవి, ఒక వానాకాలం తడిసి ఘాటు దిగి ఎండినవి కావాలి. పాతవన్నీ పొయ్యిలోకి పోయాయి. కోత మధ్యలో ఉన్న సర్విది పొలం నుంచి ఒక మోపు తెచ్చి పెళ్లాం ముందు పడేశాడు.

"ఇవేంటి పాక్‌నే, ఇంత పచ్చిగా ఉన్నాయి?" అంది తుమిరా. ఆ ఊళ్లో మొగుణ్ణి పాక్‌నే అనీ, పెళ్లాన్ని బూనే అనీ పిలుస్తారు.

"కాడ కాడే కదా బూనే! ఘాటెక్కువుంటే పేలు ఇంకా తొందరగా చస్తాయి."

అమ్మ బతికుంటే ఆ మోపుతోనే ఇద్దరి వీపులూ విమానం మోత మోగించేది. తుమిరాకి మనసొప్పలేదు. కానీ పేలు ఆగేట్టు లేవు. కాడలు నరికి గంపలో పరిచింది.

పక్కింటి కసియెం గోడ మీంచి తొంగి చూసింది. "ఏంటమ్మా, పెట్టకి చుట్ట అలవాటు చేస్తున్నావా?"

"నీ మొగుడికి మానిపించలేకపోయావు గానీ, నా పెట్ట సంగతి నీకెందుకక్కా!" అని తుమిరా నవ్వింది.

మర్నాడు గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కియ్యిమని వినిపించింది. పిల్ల పెంకు పగలగొట్టే ముందు గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు చిలకరించడం కూడా అమ్మ నేర్పిన పనే. పెంకు మెత్తబడుతుంది, పిల్లకి సులువవుతుంది. తుమిరా సంబరంగా చిలకరించింది. ఆ సంబరంలో కింద ఏం పరిచిందో మరిచిపోయింది.

మధ్యాహ్నానికి పెట్ట మెడ వాల్చేసింది. ఎత్తితే కాళ్లు వణుకుతున్నాయి, నోట్లోంచి సొంగ కారుతోంది. గంప అడుగున చుట్ట రంగు నీళ్లు. ఎవరూ చెప్పక్కర్లేదు. మంచులో తడిసిన ఆకు కోసినప్పుడు కూలీలు తూలిపోయి వాంతులు చేసుకోవడం ఆవిడ ఏటా చూసేదే, తనూ పడిందే.

"పాక్‌నే! పొగాకు తలకెక్కింది! దీన్ని నేనే చంపుకున్నాను!"

సర్విది లేత కొబ్బరికాయ కొట్టుకొచ్చాడు. మనుషులకి అదే పోస్తారు. చెంచాతో పోస్తే పక్కనుంచి కారిపోయింది. నేల మీద దించితే పెట్ట తూలుతూ, పడుతూ మళ్లీ గంపవైపే పాకింది. విషమున్న చోటికే పోతోందని దానికెలా చెప్పడం? తుమిరా ఒళ్లోకి తీసుకుంటే అక్కడే ప్రాణం వదిలింది.

ఏడవడానికి కూడా తీరిక లేదు. గుడ్లు తుడిచి, అట్టపెట్టెలో పాత చీరముక్క పరిచి పెట్టింది. సర్విది పైన బల్బు వేలాడదీశాడు. కసియెం కూడా వచ్చి పక్కన కూర్చుంది. తుమిరా తల్లికోడిలా "క్రుక్, క్రుక్" అంది. గుడ్లలోంచి కియ్ కియ్ మని జవాబొచ్చింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ఒక గుడ్డుకి చిన్న చిల్లు పడింది. ముక్కు కొస నల్లగా కదిలి ఆగిపోయింది. తుమిరా పెంకు తీయబోతే కసియెం చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. లోపలి నెత్తురు ఇంకకుండా తీస్తే నీ చేతిలోనే పోతుంది."

"తీయకపోతే?"

కసియెం బల్బుని కాస్త కిందికి దించింది. ఆ పొగాకు నీళ్లు పెంకుల్లోంచి లోపలికి ఎంత దిగాయో ఎవరికి తెలుసు? తుమిరా చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్లు కోళ్లు పెంచిన చేతులకి చేయడానికి ఏమీ మిగల్లేదు. పిలవడమొక్కటే మిగిలింది. పిలిచినప్పుడల్లా జవాబు పలచబడుతూ వచ్చింది. పొద్దు కొండ వెనక్కి జారేసరికి పెట్టెలో ఏ చప్పుడూ లేదు.

"ఇక లే బూనే," అన్నాడు సర్విది. "అయిపోయింది."

ఆవిడ లేవలేదు. లోపల ఏ పిల్లైనా ఇంకా వింటూ ఉంటే? తను మానేస్తే అమ్మ వదిలి వెళ్లిపోయిందనుకోదూ? తుమిరా పెట్టె మీదికి వంగి, గొంతు బొంగురుపోతున్నా, "క్రుక్, క్రుక్" అని పిలుస్తూనే ఉంది.