బుడిపె రాని మద్లెన్‌లు

“మద్లెన్‌లు ఎనభై సరిపోతాయి. వాటితోపాటు ఆ చెర్రీల పుడ్డింగు ఒక పెద్ద గిన్నెడు. నీకేముంది, చిటికెలో చేసేస్తావు,” అన్నాడు ఉమాశంకర్, సాక్సులు విప్పి సోఫా కిందకి తోస్తూ.

మధులత పెసరట్ల పిండి రుబ్బుతున్నదల్లా గ్రైండరు ఆపింది. “ఎవరికండీ?”

“జీఎం గారింట్లో ఆదివారం సాయంత్రం టీ పార్టీ. వాళ్లమ్మాయి ఇంజనీరింగు పాసైంది. స్వీట్లు మా మిసెస్ చేస్తుందని చెప్పేశాను. వచ్చే నెల ప్రమోషన్ ఇంటర్వ్యూలు, తెలుసుగా.”

చెప్పేశాడు. అడగలేదు. మధులత మనసు మాత్రం ఆ మాట దగ్గర ఆగకుండా అలవాటు ప్రకారం లెక్కలోకి దిగిపోయింది. ఎనభై అంటే వాయికి ఆరు చొప్పున పద్నాలుగు వాయిలు. ఒక్కో వాయికి పన్నెండు నిమిషాలు, అచ్చు చల్లార్చి మళ్లీ వెన్న రాసి మైదా చల్లడానికి ఇంకో అయిదు. నాలుగు గంటలు నిలబడాలి. గుడ్లు గిలకొట్టడం, నిమ్మతొక్క తురమడం, గిన్నెలు తోమడం ఇందులో కలపలేదు. చిటిక అంటే ఎంతసేపో మగవాళ్లకి ఎవరు చెప్పారో గానీ, చాలా తప్పుగా చెప్పారు.

ఏడాదిన్నర క్రితం వరకూ మద్లెన్ అంటే ఏమిటో ఆమెకీ తెలియదు. ప్లాంటులో ఏదో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఫ్రెంచి ఇంజనీరు కుటుంబం ఉక్కునగరంలో వీళ్ల క్వార్టర్సుకి ఎదురు బంగళాలో దిగింది. ఆయన భార్య ఎలెన్ ఒక రోజు కూరగాయల బండి దగ్గర నిమ్మకాయల కోసం చేతులు తిప్పుతూ అవస్థ పడుతుంటే మధులత వెళ్లి ఇంగ్లీషులో సాయం చేసింది. మర్నాడు ఎలెన్ ఒక పళ్లెంలో ఆల్చిప్పల్లాంటి చిన్న కేకులు పట్టుకొచ్చింది. ఒక పక్క గీతలు గీతలుగా గవ్వలా, రెండో పక్క నడుమ ఉబ్బుగా బుడిపె. వాసన చూస్తే వెన్న, నిమ్మ.

“ఈ బుడిపె ఎందుకొస్తుందో చెప్పగలవా?” అని అడిగింది ఎలెన్ సరదాగా.

మధులత ఒక్క నిమిషం ఆలోచించింది. పిండి చల్లగా ఉండి, ఓవెన్ మండిపోతూ ఉంటే అంచులు ముందు గట్టిపడతాయి. లోపలి పిండికి పొంగడానికి పక్కలకి చోటుండదు, పైకే లేవాలి. ఆ మాటే చెప్పింది. ఎలెన్ కళ్లు పెద్దవి చేసి, “మా అమ్మమ్మ నలభై ఏళ్లు చేసింది, ఆవిడకీ తెలియదు!” అంది. ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసిన మనిషిని పెళ్లయ్యాక ఏం కూర, ఎంత ఉప్పు, చొక్కా ఎక్కడ అని అడిగినవాళ్లే గానీ, ఎందుకు అని అడిగినవాళ్లు లేరు. ఆ రోజు మధులత ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

తర్వాత ఎనిమిది నెలలూ మధ్యాహ్నాలు ఎదురింటి వంటగదిలో గడిచాయి. మద్లెన్‌లు పట్టుబడ్డాక ఎలెన్‌కి చెర్రీల మీద బెంగ పట్టుకుంది. జూన్ వస్తే వాళ్ల ఊళ్లో చెట్ల నిండా చెర్రీలేనట. గిన్నె అడుగున చెర్రీలు పరిచి, పైన పాలూ గుడ్లూ కలిపిన జారు పిండి పోసి కాలిస్తే జున్నులా ముద్దగా వచ్చే పుడ్డింగట. మధులత గాజువాక వెళ్లి బేకరీ సామాన్ల కొట్లో ఎర్రగా మెరిసే చెర్రీలు కవరు నిండా తెచ్చింది. ఎలెన్ ఒకటి కొరికి, మర్యాద కోసం మింగి, “ఇవి చెర్రీలు కావు” అంది దీనంగా.

యారాడ నుంచి బస్సులు మారి చేపలు అమ్మడానికి వచ్చే పోతమ్మ గుమ్మంలో గంప దించుకుని అంతా చూస్తోంది. చెయ్యి చాపి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది.

“సెర్రీలేటమ్మా, నా తల్లే! ఇయి వాక్కాయలు. గింజ తీసేసి పాకంలో ఊరబెట్టి ఎర్రరంగేత్తారు. మా కొండ మీద పొదల్నిండా కాత్తాయి. ఈళ్లకి డబ్బులిచ్చి కొంతన్నారా? నాను తెత్తాను, ఆగండి.”

ఎలెన్‌కి తర్జుమా చేస్తూ చేస్తూ మధులత నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. ఆ వారంలోనే పోతమ్మ చేపల గంపలో వేరే మూట కట్టి వాక్కాయలు తెచ్చింది. సగం తెలుపు, సగం గులాబి. గింజలు తీసి పంచదారతో ఉడికిస్తే ఏ రంగూ వెయ్యకుండానే చిక్కటి ఎరుపు తిరిగాయి. పుల్లగా, ఘాటుగా ఆ పాకం. దాంతో కాల్చిన పుడ్డింగు ఒక చెంచా తిని ఎలెన్ వెంటనే ఇంకో చెంచా తీసుకుంది. “మా ఊరి చెర్రీలకి ఈ సంగతి తెలియకూడదు,” అంది చివరికి.

పని ముగిసి వాళ్లు వెళ్లిపోతూ పన్నెండు గుంటల అచ్చు రేకు మధులతకి ఇచ్చి వెళ్లారు. ఇంట్లో ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్‌లో అది పట్టలేదు. గాజువాకలో రేకు పనివాడి దగ్గర సగానికి కోయించి అంచులు అరగదీయించుకుంది. అందుకే వాయికి ఆరు.

ఇంట్లో వాటికి దొరికిన గౌరవం వేరు. “గుడ్లేసిన గవ్వలా? మా తణుకులో గవ్వలంటే బెల్లం పాకంలో నిగనిగలాడేవి. ఇవేంటమ్మాయ్, నోట్లో వేసుకుంటే ఉన్నాయో లేవో తెలియట్లేదు,” అంటూ అత్తగారు కాంతం ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి అయిదు తినేది. ఉమాశంకర్ పేపరు మీంచి తల ఎత్తకుండా, “బానే ఉంది, నీకు టైమ్‌పాస్” అనేవాడు. టైము పాస్ కాని మనిషి ఆ ఇంట్లో ఎవరో మధులతకి అర్థమయ్యేది కాదు. పొద్దున్న అయిదింటికి పాలప్యాకెట్ల దగ్గర మొదలైతే ఆమె టైము తనంతట తనే పాసైపోయేది, అడక్కుండానే.

అయితే కిందటి నెల లేడీస్ క్లబ్బు స్టాల్లో సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊళ్లోని ఒక కేటరింగ్ కాలేజీలో బేకరీ విభాగం చూసే ఆశాజ్యోతి గారు చుట్టపుచూపుగా వచ్చి, ఒక మద్లెన్ తిని, దాన్ని వెనక్కి తిప్పి చూసి, “ఈ బుడిపె ఎలా తెప్పించారండీ? మా పిల్లలకి ఎంత చెప్పినా రావట్లేదు” అంది. మధులత అరగంట చెప్పింది. నాలుగు రోజుల క్రితం ఉత్తరం వచ్చింది. ఆదివారం పదింటికి విద్యార్థుల ముందు చేసి చూపించాలి. బాగుందనుకుంటే వారానికి రెండు రోజులు క్లాసులు. ఆ ఉత్తరం మినప్పప్పు డబ్బా వెనక ఉంది. మంచి సమయం చూసి చెబుదామనుకుంది.

మంచి సమయం ఇదేనని ఎవరూ అనరు. అయినా తీసుకొచ్చి ఉమాశంకర్ చేతికిచ్చింది.

అతను చదివి నవ్వాడు. “వంట నేర్పడానికా? ఎమ్మెస్సీ చదివి గరిటె పట్టుకుని నిలబడతావా పదిమందిలో? సరే, సరదా ఉంటే వెళ్దువుగానీ, వచ్చే నెల వస్తానని ఫోన్ చెయ్యి. ఈ ఒక్కసారికి సర్దుకో.”

ఈ ఒక్కసారికి. ఎనభై తొమ్మిదిలో పోర్టు దగ్గర ల్యాబులో కెమిస్టుగా పిలుపొచ్చినప్పుడు కూడా ఇదే మాట. అప్పుడు కూతురు చంటి కడుపులో ఉంది. తర్వాత బీఈడీ సీటొచ్చింది, అత్తగారికి కంటి ఆపరేషన్. ఆ తర్వాత స్కూల్లో ఉద్యోగం, ఉమాశంకర్‌కి షిఫ్టులు. ఎవరూ ఎప్పుడూ జీవితాంతం మానుకోమని అనలేదు. అంత చెడ్డవాళ్లు కారు. ఈ ఒక్కసారికి అన్నారు, అంతే. ఆ ఒక్కసారులన్నీ కలిస్తే పదకొండేళ్లయింది. అన్నవాళ్లకి అవి విడివిడిగా కనిపిస్తాయి కాబోలు. కూడిక చేసుకోవలసింది తనే. పెసరపిండి గిన్నెలోకి తోడుతూ కూడుకుంది మధులత. కోపం రాలేదు. చిత్రంగా, పరీక్షలో జవాబు తట్టినప్పటి హుషారు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం కూతురి నోటుబుక్కులోంచి కాగితం చింపుకుని కూర్చుని, ఒకప్పుడు ల్యాబు రికార్డు రాసినట్టే రాసింది. ఉద్దేశం: ఎనభై మద్లెన్‌లు. కావలసినవి. పద్ధతి. జాగ్రత్తలు: పిండి కలిపాక రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి, తొందరపడరాదు. ‘తొందరపడరాదు’ కింద రెండు గీతలు గీసింది.

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని, అచ్చు సగం, ఒక చిన్న సీసాలో వాక్కాయ పాకం సంచిలో పెట్టుకుని, మిగతా సగం వంటగట్టు మీద ఉంచి, కాగితం ఫ్రిజ్‌కి అంటించింది.

“ఎనిమిదికల్లా మొదలుపెడితే తీరిగ్గా అవుతాయండీ. వెన్న, గుడ్లు, మైదా అన్నీ గట్టు మీదున్నాయి. పుడ్డింగు వద్దులెండి, దాని బదులు వాక్కాయ పాకం పెద్ద సీసాలో ఉంది.”

ఉమాశంకర్ కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాడు. “నేనా? జోకా?”

“మాట మీరిచ్చారు కదండీ,” అంది మెల్లగా. ఎత్తిపొడుపు లేదు. రోజూ ఉన్నదే చెప్పినట్టు చెప్పింది.

“మగాడి చేత గుడ్లు గిలకొట్టిస్తావుటే!” అంది కాంతం.

“చెయ్యి నొప్పెడితే మీరు కాస్త అందుకోండి, అత్తయ్యగారూ.”

బస్సు గాజువాక దాటి, సింధియా వైపు క్రేన్లు కనిపించేవరకూ సంచిలోని అచ్చుని తడిమి చూసుకుంటూనే ఉంది. వెనక్కి వెళ్లిపోదామా అని ఒకసారి అనిపించింది. కానీ కిటికీ పక్క సీటు దొరికింది, గాలి బాగుంది. అలాగే కూర్చుంది.

కాలేజీలో తెల్ల టోపీలు పెట్టుకుని ముప్ఫైమంది పిల్లలు. మొదటి రెండు వాక్యాలు తడబడింది. అప్పుడు, “ఈ పిండి చల్లగా ఎందుకుండాలి? చెప్పండి చూద్దాం” అని అడిగేసింది. ఒకళ్లు ఇదన్నారు, ఒకళ్లు అదన్నారు, గోల మొదలైంది. ఆ గోలలో భయం ఎటు పోయిందో పోయింది. ఓవెన్ గాజు తలుపు ముందు అందరూ వంగి చూస్తుంటే, వెనక నుంచి ఒక అమ్మాయి అరిచింది: “లేత్తన్నాయి మేడమ్! లేత్తన్నాయి, సూడండి!”

మద్లెన్‌ల మీద వాక్కాయ పాకం వేసి పెడితే ఆశాజ్యోతి గారు రెండు తిని, “రేపట్నించి రాగలరా? సోమ, గురువారాలు” అంది. కాగితం మీద మధులత సంతకం చేసి, పక్కన ఎమ్మెస్సీ అని రాసింది. ఆ అక్షరాలు రాసి ఎన్నేళ్లయిందోనని చెయ్యి ఒక్క క్షణం ఆగింది గానీ, స్పెల్లింగు మర్చిపోలేదు.

మూడింటికి ఇల్లు చేరేసరికి వంటగది యుద్ధం చేసి అలిసినట్టుంది. ఉమాశంకర్ మీసాల మీద మైదా, రెండు వేళ్లకి బర్నాల్. కాంతం స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని కాగితం చదువుతోంది. “అంచులు బంగారు రంగు రాగానే తియ్యాలని రాసిందిరా! నీది కుంకుడుకాయ రంగు!”

డెబ్భై రెండు అయ్యాయి. అన్నీ చదునుగా, అరిగిపోయిన సబ్బుబిళ్లల్లా ఉన్నాయి.

“తొందరపడ్డారా?” అడిగింది మధులత.

“రెండు గంటలు ఎవడు కూర్చుంటాడు?” అని, అతను ఓవెన్ వైపు చూసి, గొంతు తగ్గించి, “ఇంతసేపు పడుతుందని నువ్వెప్పుడూ చెప్పలేదే” అన్నాడు.

నడుం పట్టుకుని నిలబడ్డ మొగుణ్ని చూస్తే జాలీ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “చదునుగా ఉంటే పాకం జారిపోకుండా నిలుస్తుంది. పైన ఒక్కో చెంచా వేసి తీసుకెళ్లండి. బాగుంటాయి,” అంది. వేసింది మాత్రం అతనే.

సాయంత్రం కాంతాన్నీ వెంటబెట్టుకుని వెళ్లారు. జీఎం గారి తోటలో అవి నిజంగానే బాగున్నాయి. జీఎం గారి భార్య మూడోది అందుకుంటూ, “ఎంత బాగా చేశావమ్మా మధులతా! ఈ ఎర్రవి చెర్రీలేనా?” అంది.

“నేనండీ,” అన్నాడు ఉమాశంకర్. అనుకుని అన్నట్టు లేదు, ఆపుకోలేక అన్నట్టుంది. “పొద్దున్నుంచీ నిలబడి నేనే చేశానండీ.” కాలిన వేళ్లు కూడా చూపించాడు.

ఒక్కసారిగా చప్పట్లు. మగవాళ్లు వీపు తట్టారు. ఆడవాళ్లు మధులత చెయ్యి పట్టుకుని, ఎంత అదృష్టవంతురాలివి, ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు అన్నారు. పదకొండేళ్లలో తను పోసిన అట్లన్నీ పేరిస్తే ఇక్కణ్నించి భీమిలి దాకా వస్తాయేమో, ఒక్క అట్టుకీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బుడిపెలు రాని డెబ్భై రెండింటికి ఇంత మోత. ఆ ఆలోచనకి ఏడుపు రావాలి. కానీ మధులతకి లోపల్నించి నవ్వు పొంగింది. అందరికంటే గట్టిగా తనే చప్పట్లు కొట్టింది.

“మీరు చాలా పైకొస్తారయ్యా,” అన్నారు జీఎం గారు. “మరి ఈయన వండుతుంటే మీరేం చేశారమ్మా?”

“కాలేజీలో పాఠం చెప్పి వచ్చానండీ,” అంది మధులత, అందరికీ వినిపించేలా. “రేపట్నించి ఉద్యోగంలో చేరుతున్నాను. సోమ, గురువారాలు ఇంట్లో వంట ఈయనే చేస్తారు.”

చప్పట్లు రెట్టింపయ్యాయి. ఉమాశంకర్ ఆమె వైపు చూశాడు, చుట్టూ చూశాడు, వేరే దారి కనిపించక అందరికీ రెండు చేతులూ జోడించాడు.

కాంతం కుర్చీ దగ్గరికి జరుపుకుని కొడుకు మోచెయ్యి తట్టింది.

“అయితే రేపు ఏం కూర వండుతావురా?”