ఏడో నంబరు పళ్లెం

గోవిందరావు బ్రష్షుతో కీబోర్డుల మీది దుమ్ము దులుపుతున్నాడు. కాశీబుగ్గలోని ఈ మేడమీది కంప్యూటర్ సెంటర్లో పదకొండేళ్లుగా పాఠం చెప్పేముందు అతని మొదటి పని అదే. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు, వట్టికాళ్లతోనే తిరుగుతున్నాడు. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో సంతకం రానివాళ్లకూ, ఆ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే క్రియాటినిన్ అన్న మాట వచ్చు. అతనికి అది తొమ్మిది దాటింది. రేపు విశాఖ వెళ్లి ఆసుపత్రిలో చేరాలి. ఈలోగా దమయంతి భయం తీర్చాలి, లేకపోతే ఆ పిల్ల మళ్లీ ఈ మెట్లెక్కదు.

దమయంతి పగలంతా షెడ్డులో జీడిపప్పు తొక్క తీసి, సాయంత్రం ప్రోగ్రాములు నేర్చుకుంటుంది. నిన్న ఆమె రాసిన ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఈ ప్రోగ్రాం తప్పు పని చేసింది, మూసేస్తున్నాం అని తెరమీద పడింది. మిషను పాడుచేశాననుకుని ఏడుస్తూ వెళ్లిపోయింది.

ఈరోజు గుమ్మం దగ్గరే నిలబడింది. "నాను మానేత్తాను సార్."

గోవిందరావు బల్లమీద రెండు రేకు పళ్లేలు పెట్టాడు. షెడ్డువాళ్లు పారేసినవి, మీద ఆరు, ఏడు అంకెలు. అక్కడ ఎవరి నంబరు పళ్లెం వాళ్లదే.

"నీది ఆరు. ఏడులో సెయ్యెట్టినావనుకో, ఏటవుద్ది?"

"మేస్త్రమ్మ లెగిసి పొమ్మంటాది."

"మిగతావోల్లు?"

"ఆల పని ఆలు సేసుకుంతారు."

"మరి? ఏ పళ్లెంలో సెయ్యెట్టాలో సెప్పే పాయింటరుకి అడ్రసు ఇవ్వడం మరిసిపోనావు. అది నీది కాని మెమొరీలో సెయ్యెట్టబోయింది. ప్రాసెసర్ ఆ సెయ్యి పట్టీసుకుంది, విండోస్ నీ ప్రోగ్రామునొక్కదాన్నే గెంటీసింది. మిషనుకేటీ అవలేదు."

సుద్దతో బోర్డుమీద రెండు గళ్లు గీసి చూపించాడు. దమయంతి కూర్చుని ఒక్క లైను దిద్దింది. ప్రోగ్రాం చివరిదాకా నడిచింది. జీడికి నల్లబడ్డ వేళ్లతో నోరు కప్పుకుని నవ్వింది.

"ఆ మూలనున్న పాత మిషనుకీ ఉందా సార్, మేస్త్రమ్మ?"

"లేదమ్మా. అందులో ఒక ప్రోగ్రాం తప్పు సేత్తే మొత్తం బిగుసుకుపోద్ది."

చేతిలోని సుద్దముక్కను ఏడో నంబరు పళ్లెంలో పడేసి, కుర్చీలో కూలబడ్డాడు. తన ఒళ్లూ ఆ పాత మిషనే. కిడ్నీలు చెడితే చెడాయి, ఆ జబ్బు గుండె జోలికి పోకుండా పట్టుకునేవాళ్లెవరూ లేకపోయారు. ఊరంతా తాగిన నీళ్లే తనూ తాగాడు. తలుచుకుంటే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

మర్నాడు విశాఖ బస్సులో భార్య కుమారి భుజం మీద తల వాల్చి పడుకున్నాడు. కోటబొమ్మాళి దాటాక, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం మూతెడు నీళ్లు పోసి ఆమె లేపింది. లేవలేదు.

పన్నెండు రోజులు పోయాక సెంటర్ మళ్లీ తెరిచారు. కొత్త మాస్టారు బల్ల సర్దబోతుంటే దమయంతి అడ్డం వచ్చింది.

"అది సారిది. సెయ్యెట్టకండి."

అరిగిపోయిన సుద్దముక్కతో ఏడో నంబరు పళ్లెం ఆ బల్లమీదే ఉండిపోయింది.