అంచున నిలబడ్డ మనిషి

గొర్రె ముఖం చదరంలోకి వచ్చేసరికి తోక బయటికి పోయింది. కొనేవాళ్లు ముందు చూసేది ఆ కొవ్వుతోకనే. జూరకాన్ రెండు వేళ్లతో బొమ్మను చిన్నది చేసి రెంటినీ ఇరికించింది.

బిష్కెక్ పట్నంలో పశువుల బేరాలు సాగే ఆ యాప్‌లో ప్రతి ప్రకటనకూ చిన్న చదరపు బొమ్మ ఉండాలి. జనం పంపే ఫోటోలేమో నిలువువి, అడ్డానివి. యంత్రానికి వదిలేస్తే నడిమధ్యన కత్తిరించి తల లేని గుర్రాలను తయారుచేస్తుంది. అందుకే జూరకాన్‌ను పెట్టుకున్నారు. అంతకుముందు ఆమె స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలకు మెరుగులు దిద్దేది. ఇప్పుడు యాభై దాటాయి. కళ్లద్దాలు ఆనీ ఆనీ ముక్కుకు ఇరుపక్కలా ఎర్రటి నొక్కులు పడ్డాయి.

చదరంలో ఉంచేది పశువును. మనసు మాత్రం తీసేసిన మేరలోనే ఉండిపోయేది. తీగ మీద ఆరేసిన దుప్పటి, పొగ వదులుతున్న టీ కాచే సమోవర్, గుడారం గుమ్మంలో ఒంటి చెప్పు, కొండ మీద కదలడం మరిచిన మబ్బు నీడ. ఒక్కో ఫోటో అంచులోకి నడిచి వెళ్లి, ఆ గడ్డిలో కాసేపు కూర్చుని వచ్చినట్టుండేది.

"అక్కా, ఇంకా ఆ గొర్రెతోనేనా? పెళ్లిగానీ చేసుకుంటావా?" అంది పక్క బల్ల దగ్గర పెరిజాత్. పైఅధికారే గానీ కూతురి వయసుది.

"అడిగాను. వాళ్లమ్మ ఒప్పుకోలేదు."

మధ్యాహ్నం ఇద్దరూ మాంసం కూరిన సమ్సాలు తిన్నారు. టీ చల్లారకముందే నారిన్ కొండల నుంచి ఒక బూడిదరంగు ఆడగుర్రం వచ్చింది. ఫోటో ఎడమ అంచున ఒక ముసలివాడు కళ్లెం పట్టుకుని, తల పక్కకు వాల్చి, దూరాన ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు.

జూరకాన్ వేలు ఆగిపోయింది. అతను ఆమె అన్నయ్య షేయిషెన్.

అతను కుదిర్చిన పెళ్లి కాదని ఆమె పట్నం పారిపోయి వచ్చింది. తనకు చెల్లెలు లేదని అతను ఊరందరి ముందూ అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ప్రకటన కింద నంబరు ఉంది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ చేసింది.

"గుర్రం తంతుందా?"

"తన్నదమ్మా. నాకంటే మంచిది."

"మరి ఎందుకు అమ్మడం?"

"నాకు చూపు పోయింది. అది మోస్తుంది గానీ, ఎటు మోస్తోందో నాకు తెలీట్లేదు."

"ఇంట్లో తోడెవరున్నారు?"

"గుర్రం కొనేదానివి, అవన్నీ నీకెందుకు?"

"నేను జూరకాన్‌ని."

అవతల గాలి వీస్తున్న చప్పుడు. గుర్రం ఒకసారి చీదింది.

"ఫోటోలో బాగా పడిందా?" అన్నాడు చివరికి.

"పడింది. నువ్వు కూడా పడ్డావు."

"నన్ను తీసెయ్యి. నన్నెవడు కొంటాడు?"

ఆమె నవ్వబోయింది. "నేనొస్తే తలుపు తీస్తావా?"

"తీసే ఉంటుంది. గొళ్లెం కనబడి చావదు నాకు."

ఆమె బల్ల దగ్గరికి వచ్చి చదరాన్ని మెల్లగా ఎడమకు జరిపింది. గుర్రం సగమే మిగిలింది. మనిషి మొత్తం వచ్చాడు. ఆ ప్రకటనను యాప్‌లోకి పంపకుండా అలాగే వదిలేసి లేచింది.

"ఎక్కడికి?" అంది పెరిజాత్.

"గుర్రం దగ్గరికి."

"కొంటావా ఏంటి?"

"కాదు. కళ్లెం పట్టుకుని ముందు నడవడానికి మనిషి కావాలట."

పెరిజాత్ అది కూడా వేళాకోళమే అనుకుంది. కిటికీలోంచి చూస్తే జూరకాన్ చిన్న చేతిసంచితో, తొందరేమీ లేనట్టు, బస్సులుండే వైపు నడిచిపోతోంది. ఎండ పడి రోడ్డంతా నీళ్లలా మెరుస్తోంది. ఆ మెరుపులో కాసేపు కనబడి, తర్వాత కనబడలేదు.

ఆమె మళ్లీ రాలేదు. కొండల్లో మంచు మొదలైందని జనం చెప్పుకుంటున్నప్పుడు కూడా కుర్చీ వీపు మీద ఆమె ఉన్ని శాలువా అలాగే వేలాడుతోంది, భుజాల వంపు ఇంకా పోకుండా.